ముప్పయ్యో నెంబరు రోడ్డు

బెజవాడకు ఎగువన, కృష్ణ ఒడ్డున, ఇబ్రహీంపట్నం అనే ఊరున్నది. థర్మల్ విద్యుత్కేంద్రం పొగగొట్టాలు కనిపించేచోటు అంటే మావైపు వాళ్ళు వెంటనే గుర్తుపడతారు. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి హైదరాబాదు పోతుంది. రెండోది బొమ్మల కొండపల్లి దాటి మైలవరం, తిరువూరు వైపు పోతుంది. పదహారేళ్ళనుంచీ నేను ఆ కూడలిలో బస్సు మారి కాలేజీకి వెళుతున్నాను. ఆ రెండో రోడ్డును మేమంతా మైలవరం రోడ్డు అంటాము. మైలవరం చేరాక దానికి ఇక పనేమీ లేదన్నట్టే మా ఉద్దేశం.

"ఈ రోడ్డెక్కి, ఎటూ మళ్ళకుండా పోతూవుంటే ఎక్కడ తేలతామో తెలుసునా, మేష్టారూ?" అని మా మిత్రుడు ఒకనాడు టీ కొట్టు దగ్గర అడిగాడు.

"తిరువూరు" అన్నాను.

"సితార్‌గంజ్. హిమాలయాల కాళ్ళ దగ్గర."

నిజమే. 2010లో కేంద్రప్రభుత్వం జాతీయ రహదారుల నెంబర్లన్నీ మార్చివేసింది. అంతకు ముందు ఈ దారి ముక్కముక్కలుగా ఉండేది. బెజవాడనుంచి జగదల్‌పూరుకు 221, అక్కడినుంచి రాయపూరుకు 43, రాయపూరునుంచి జబల్పూరుకు 12ఎ, ఆ పైన మరొకటీ మరొకటీ. ఇప్పుడు అన్నీ కలిపి 30. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ - ఆరు రాష్ట్రాలు, సుమారు 2000 కిలోమీటర్లు. దాని ఒక కొస మా బస్‌స్టాపు దగ్గర ఉన్నదని తెలిసినప్పుడు, మన పక్కింటాయన మంత్రిగారికి బావమరిది అని తెలిసినట్టయింది నాకు.

మా మిత్రుడికి ఆటోనగరులో లారీల విడిభాగాల కొట్టున్నది. మేమిద్దరం ఆరో తరగతినుంచీ ఒకే బడిలో చదువుకున్నాము. తరువాత నేను తెలుగు ఎం.ఏ. వైపూ, అతను గేరుబాక్సుల వైపూ తిరిగాము. ఎవరి చదువు ఎక్కువ ఉపయోగపడిందో మా ఇళ్ళు చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

అతని తండ్రి లారీ డ్రైవరు. గుంటూరు మిరపకాయల బస్తాలు వేసుకుని ఉత్తరాదికి వెళ్ళేవాడు. పదిహేను రోజులకో, ఇరవై రోజులకో ఇంటికి వచ్చేవాడు. ఆయన చొక్కా తగిలించిన గదిలోకి వెళితే మాకు తుమ్ములు వచ్చేవి. ఎక్కడికి వెళ్ళేవాడో మాకెవరికీ తెలియదు. "పైకి" అనేవారు ఇంట్లో. మా మిత్రుడు ఒకసారి బడిలో, "మా నాన్న పైకి వెళ్ళాడండీ" అని చెపితే, కొత్తగా వచ్చిన లెక్కల మేష్టారు పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుని వాడికి ఆ పూట సెలవిచ్చి ఇంటికి పంపించారు. నిజంగానే ఆయన 2009లో పైకి వెళ్ళిపోయాడు.

2023 వేసవిలో ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక దింపితే నాలుగు పొడుగు పుస్తకాలు దొరికాయి. 1989నుంచి 1996దాకా ఆయన రాసుకున్న దారి ఖర్చులు. అవి పట్టుకుని మా మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. "దసరా సెలవులు ఎప్పుడిస్తారు మీకు? నాన్న పోయిన దారి ఒకసారి చూసి రావాలి. నువ్వు పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు. నాకు కారు నడపడం రాదు. వెనకటి రోజుల్లో లారీలో క్లీనరు కుర్రవాడు చేసేపని, అంటే డ్రైవరుకు నిద్ర రాకుండా మాట్లాడుతూండడం, నాకు బాగా చేతనవును. అక్టోబరు నడిమధ్యలో ఒక తెల్లవారుజామున బయలుదేరాము.

మైలవరం, తిరువూరు నాకు తెలిసిన ఊళ్ళే గనుక వాటిని గురించి చెప్పను. మధ్యాహ్నానికి కొత్తగూడెం చేరాము. సింగరేణి కంపెనీ ఊరు. మా ఇంటావిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా కాళ్ళ దగ్గరే ఉన్నా, మా మిత్రుడు ఒక భోజన హోటలు ముందు కారు ఆపాడు. "నాన్న ఇక్కడ తినేవాడు" అని పుస్తకం తీసి చూపించాడు. 'కొత్తగూడెం భోజనం 10' అని ఉన్నది. ఈ హోటలే అని ఏమీ లేదు. ఊరది కావడమే అతనికి చాలు. ఇద్దరం శ్రద్ధగా, కొంచెం గంభీరంగా, తద్దినం భోజనంలాగా తిన్నాము. పులిహోర మర్నాటికి పాడయింది. ఈ సంగతి మా ఇంటావిడ మొదటిసారి ఇక్కడే చదువుతుంది.

రాత్రి భద్రాచలంలో బస. 1965లో కట్టిన వంతెన మీదుగా గోదావరి దాటాము. భద్రాద్రి రాముణ్ణి గురించి ఈ పత్రిక చదివేవారికి నేను కొత్తగా చెప్పగలది లేదు. కొత్తసంగతి ఒకటే: భద్రాచలం పట్నం తెలంగాణా. ఊరు దాటగానే మళ్ళీ ఆంధ్రప్రదేశ్. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలను ఇటు కలపడంచేత ఇలా అయింది. మిత్రుడి తండ్రి నడిపిన రోజుల్లో ఇదంతా ఒకే రాష్ట్రం. అటు కుంటనుంచి జబల్పూరు దాకా కూడా ఒకే మధ్యప్రదేశ్. ఛత్తీస్‌గఢ్ పుట్టింది 2000 నవంబరులో. ఆయన లారీ దిగకుండా దాటిన రెండు రాష్ట్రాలు, రోడ్డు కదలకుండానే, మాకు నాలుగయినాయి.

కుంట అంటే మన నోటి మాట. బోర్డుమీద కోంటా అని ఉంటుంది. శబరి నది ఒడ్డున ఉన్నది. ఆ దగ్గరలోనే సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. అక్కడ నిలుచుంటే ఆంధ్రా, ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ మూడూ కనిపిస్తాయి. టీ కొట్టు ఆవిడ చక్కని తెలుగు మాట్లాడింది. ఆమె పక్కనే ఎన్నికల తనిఖీ వాళ్ళు నిలుచున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోనూ మధ్యప్రదేశ్‌లోనూ నవంబరులో శాసనసభ ఎన్నికలు. డబ్బు కట్టలకోసం వచ్చిపోయే బండ్లన్నీ వెతుకుతున్నారు. మా కారులో వాళ్ళకు దొరికింది ఆవకాయ జాడీ, నాలుగు ఖాతా పుస్తకాలు.

"ఏమిటీ లెక్కలు?" అన్నాడు అధికారి, హిందీలో.

"1993 సంవత్సరానివండీ" అన్నాడు మా మిత్రుడు వినయంగా.

ఆయన పేజీలు తిప్పి, తెలుగు అంకెలు కావు, మామూలు అంకెలే గనుక, ఐదులూ పదకొండులూ చూసి, "ఇంత తక్కువ డబ్బుతో ఏ ఎన్నికా గెలవలేరు" అని నవ్వి పంపించాడు.

అక్కడినుంచి సుక్మాదాకా రోడ్డు పక్కనంతా ముళ్ళకంచెలూ, ఇసుకబస్తాలూ, కేంద్ర పోలీసు శిబిరాలూ. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఈ పల్లెలనుంచి వేలమంది కట్టుబట్టలతో గోదావరి లోయకు వలస వచ్చారు. ఆ రాత్రి మేము బసచేసిన భద్రాచలం చుట్టుపక్కల అడవుల్లో వాళ్ళ గుడిసెలు ఇప్పటికీ ఉన్నాయి. 2011లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమన్నది. అప్పటికి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. సుక్మా దాటి దర్భా లోయ. 2013 మే 25న కాంగ్రెసు నాయకుల కార్ల వరసమీద మావోయిస్టులు దాడిచేసిన చోటిదే. చెట్లు రెండువైపులా దగ్గరికి వచ్చి చీకటి చేసే ఆ మలుపుల్లో మేము మాట్లాడలేదు. నా ఉద్యోగం ఆ ఒక్క గంట మానేశాను.

సాయంత్రానికి జగదల్‌పూరు. తెలుగువాడికి ఈ ఊరు పరాయిది కాదు. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యం కట్టాడని, ఆ వంశమే బస్తరును ఏలిందని ఇక్కడి ఐతిహ్యం. ఆయన ముందు నడుస్తూంటే దంతేశ్వరి అమ్మవారు వెనకాల వచ్చిందట. వెనక్కి తిరిగి చూడనంతవరకూ వస్తానన్నదట. శంఖినీ డంకినీ నదులు కలిసేచోట అమ్మవారి కాలి అందెలు ఇసుకలో కూరుకుని చప్పుడు ఆగిపోతే, రాజు అనుమానంతో వెనక్కి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. అదే దంతెవాడ. ఆ వంశంలో గద్దెనెక్కిన ప్రవీర్‌చంద్ర భంజదేవ్‌ను గిరిజనులు దేవుడిలా చూసేవారు. 1966 మార్చిలో జగదల్‌పూరు కోటలోనే పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయాడు.

మేము వెళ్ళేసరికి బస్తరు దసరా జరుగుతున్నది. ఇక్కడి దసరాలో రాముడూ లేడు, రావణుడూ లేడు. అంతా అమ్మవారిదే. మామూలు ఏడాదిలో 75 రోజులు జరుగుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది గనుక ఇంకా పొడిగింది. సాయంత్రం పూలరథం బయలుదేరింది. మేకులు, చెక్కలు, చక్రాలు - ఫలానా ఊరివాళ్ళు ఫలానా పని అని తరతరాల వాటా. లావుపాటి తాళ్ళు పట్టుకుని వందలమంది లాగుతూంటే ఆ చక్రాల కిర్రు వినాలి. మా మిత్రుడు అమ్మవారికి దణ్ణం పెట్టి, రథం ఇరుసు దగ్గరికి వంగి చూడబోయాడు. పక్కవాళ్ళు వెనక్కి లాగారు.

మర్నాడు చిత్రకోట జలపాతం. జగదల్‌పూరుకు సుమారు 40 కిలోమీటర్లు. ఇంద్రావతి నది అంతా ఒక్కసారిగా, గుర్రపు నాడా ఆకారంలో, తొంభై అడుగులకు పైగా కిందికి దూకుతుంది. వానలు వెలిసిన కొత్త గనుక నీళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. తుంపర మొహాన కొడుతూంటే చాలాసేపు నిలుచున్నాము. నాకు ఒక ఆలోచన వచ్చింది. ఈ నీళ్ళు వెళ్ళి గోదావరిలో కలుస్తాయి. గోదావరిలోనుంచి పట్టిసీమ దగ్గర పంపులతో ఎత్తి, 2015నుంచీ, కాలవగుండా కృష్ణలోకి వదులుతున్నారు. వదిలే చోటు మా ఇబ్రహీంపట్నమే. అంటే మేము బయలుదేరిన చోటికి ఇవీ పోతున్నాయి. ఈ మాట చెపితే మా మిత్రుడు, "మనకంటే ముందే చేరతాయి. దారిలో భోజనానికి ఆగవు" అన్నాడు.

ఆ రాత్రి బసలో అతను మూడో పుస్తకం తీసి ఒక పేజీ నా ముందు పెట్టాడు. అసలు సంగతి అప్పుడు బయటపడింది.

ఆ పేజీ నకలు ఇది: 'కుంట టీలు 3. జగదలుపురం టైరు పంచరు 25. కేసుకాలు అమ్మవారికి 11. రాయపూరు డీజిలు 900. చిలిపి పాపకు 5. జబలుపురం కాటా 15.'

నేను కళ్ళజోడు సవరించుకుని, మేష్టరు బుద్ధి పోనిచ్చుకోలేక, "చిలిపి అయిన పాప, చిలిపి పాప. విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం" అన్నాను నవ్వుతూ. అతను నవ్వలేదు.

"ఇది ప్రతి ట్రిప్పులోనూ ఉంది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. రాయపూరుకీ జబల్పూరుకీ మధ్య. 1993లో అమ్మ ఇది చూసింది. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. ఆ నెలంతా నాన్న ఇంటి ముందర లారీలోనే పడుకున్నాడు. ఎందుకో మాకు చెప్పలేదు ఎవరూ. మొన్న పుస్తకాలు దిగినప్పుడు అమ్మ ఈ పేజీయే తీసి చూపించింది. ఆ పాపెవరో కనుక్కురా నాయనా, ఇప్పుడు కోపమేమీ లేదు, ఉంటే ఆమె పిల్లలకు బట్టలు పెడదాం అన్నది."

అయిదు రూపాయలతో ఏ సంసారమూ నిలవదని నేను వాదించాను. "అమ్మకు బాధ డబ్బుకు కాదు. ఆ మాటకు. ఆయన మా అమ్మను ఎన్నడూ అలాంటి మాట పెట్టి పిలవలేదు" అన్నాడు.

పొద్దున్నే రాయపూరుకు బయలుదేరాము. సుమారు 300 కిలోమీటర్లు. కొండగావ్‌లో రోడ్డు పక్కన ఇత్తడి పోత బొమ్మలు కొన్నాము. కేశ్‌కాల్ ఘాటు దగ్గర కారు ఆపక తప్పదు. బస్తరు పీఠభూమి మీదినుంచి రోడ్డు పన్నెండు మలుపులు తిరిగి మైదానంలోకి దిగుతుంది. ఘాటులో తెలిన్ సతీమాత గుడి ఉన్నది. అటు పోయే లారీ, ఇటు వచ్చే లారీ ఆగి దణ్ణం పెట్టుకుని కదులుతాయి. తెలిన్ అంటే తెలుగు ఆడపడుచు కాబోలునని నేను సంబరపడి పూజారిని అడిగాను. గానుగ ఆడే తేలీ కులం స్త్రీ అని ఆయన చెప్పాడు. ఎం.ఏ. చదువుకు మొదటి దెబ్బ అది. రెండోది మర్నాటికి ఉన్నది. మా మిత్రుడు పుస్తకం చూసుకుని పదకొండు రూపాయలు హుండీలో వేశాడు. లోయలోకి చూస్తూ, "బస్తాల లోడుతో ఈ మలుపులు ఎక్కాలంటే మొదటి గేరు తప్ప గతి లేదు. ఒక్కడూ" అన్నాడు, తనలో తను.

కాంకేరు, ధమ్తరి, మహానది. రాయపూరులో పొద్దున్నే అటుకుల పోహా, పక్కన వేడి జిలేబీ. మావాడు అంత ఆదుర్దాలోనూ రెండోసారి వడ్డించుకున్నాడని చరిత్ర కోసం రాస్తున్నాను. సిమ్‌గా దగ్గర ఎడమకు మళ్ళి, బెమేతరా మీదుగా కవర్ధా. దారికి కాస్త పక్కన పదకొండో శతాబ్దపు భోరమ్‌దేవ్ శివాలయం ఉన్నది. చూడదగ్గదట. మేము ఆగలేదు. అతను ఆగే స్థితిలో లేడు. రోడ్డు పక్కన కనిపించిన ప్రతి దాబా ముందూ కారు నెమ్మది చేస్తున్నాడు. లోపల ఎవరైనా ముసలావిడ కనిపిస్తే చూస్తున్నాడు. ఏమీ అడగలేక మళ్ళీ కదులుతున్నాడు. ఏమని అడుగుతాడు?

కవర్ధా దాటాక మైకల కొండలు ఎదురయ్యాయి. సాల వృక్షాల అడవి. రోడ్డు మెలికలు తిరిగి పైకి ఎక్కుతున్నది. నేను చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు మూడు ప్యాసయినవాణ్ణి గనుక, నిద్ర పట్టకుండా కనిపించిన బోర్డల్లా పైకి చదువుతున్నాను. ఘాటు తలమీద ఒక బోర్డు వచ్చింది.

"చిల్‌-పీ" అని చదివాను.

అతను బ్రేకు వేశాడు. వెనక లారీవాడు హారను మోగించి, తిట్టి, పక్కనుంచి పోయాడు.

పాఠకులకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు మాత్రం ఆ బోర్డు కింద నిలుచున్నాకగాని కాలేదు. తెలుగు అజంత భాష అని, హల్లుతో ఆగిన పరభాషా పదానికి మనవాడు ఒక అచ్చు చేర్చితేగాని పలకడని, రెండు హల్లులు కలిసి వస్తే మధ్య ఒక అచ్చు దూర్చి విడదీస్తాడని నేను ఏటేటా పాఠం చెపుతాను. బ్రష్షును బురుసు చేసింది మనమే. జబల్పూరును జబలుపురం, కేశ్‌కాల్‌ను కేసుకాలు చేసిన ఆ చెయ్యే చిల్పీని చిలిపి చేసింది. పైన ఊరి పేరు, కింద ఊరి పేరు ఉండగా మధ్యలోదీ ఊరి పేరే అయివుంటుందని ఒకటో తరగతి పిల్లవాడికైనా తట్టాలి. చిలిపి అయిన పాప కాదు. చిలిపి యందలి పాప. కర్మధారయం కాదు, తత్పురుషం. ఒక్క సమాసానికి తప్పు విగ్రహవాక్యం చెప్పుకుని ఒక ఇల్లు ముప్పయ్యేళ్ళు మూగపోయింది.

ఊరు చిన్నదే. చల్లని గాలి వీస్తున్నది. చలికాలంలో ఇక్కడ గడ్డిమీద మంచు గడ్డకడుతుందట. టీ కొట్టు దగ్గర కూర్చున్నాము. కొట్టు నడిపే ఆవిడకు నలభై, నలభై అయిదు ఉంటాయి. మా మిత్రుడి ఆటోనగరు హిందీ, నా పరీక్ష హిందీ కలిపి సంగతి చెప్పాము. వెనక ఈ ఘాటెక్కిన లారీలు ఇక్కడ ఆగేవా? అని అడిగాము.

ఆగకేం చేస్తాయి, అన్నది. ఎక్కేసరికి ఇంజను కాగిపోయి ఆవిర్లు కక్కేవి. ఊళ్ళో పిల్లలంతా బకెట్లతో, డబ్బాలతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తేవారు. రేడియేటరులో పోయడానికి. అర్ధరూపాయి, రూపాయి ఇచ్చేవారు. ఆమె కూడా మోసిందట.

బెజవాడ బండి, మిరపకాయల బండి, అని అతను గుర్తులు చెప్పాడు. ఆమె తల తిప్పింది. అటువైపు బండ్లన్నీ మాకు మద్రాసీ బండ్లే, ఎవరు గుర్తుంటారు? అన్నది. కొంచెం ఆగి నవ్వింది. "మీవాళ్ళు ఆడపిల్లల్ని పాపా, పాపా అని పిలిచేవారు. మాకు పాపా అంటే నాన్న. మీసాలవాడు దిగి ఏడేళ్ళ పిల్లను పట్టుకుని పాపా అంటూంటే, ఊళ్ళో పిల్లలంతా ఎగతాళి పట్టించేవారు. ఒక పిల్లకు ఆ పేరే నిలిచిపోయింది. పెళ్ళయి బాలాఘాట్ వైపు వెళ్ళిపోయింది."

ఆ పిల్లేనా? ఏమో. మేము ఇంకేమీ అడగలేదు. అయిదు రూపాయలు ఎందుకిచ్చేవాడో, పెద్ద బకెట్టు మోసేదో, ఏడేళ్ళ చెల్లెలు లేని మా మిత్రుడి ఇంట్లో ఆ లోటు ఆయనకేమైనా ఉండేదో పుస్తకంలో రాయలేదు. మా మిత్రుడు టీ డబ్బులిచ్చి, కొట్టు వెనకాల తొట్టి దగ్గరికి వెళ్ళి, ఆ నీళ్ళతో మొహం కడుక్కుని చాలాసేపటికి వచ్చాడు.

సాయంత్రం మండ్లాలో నర్మద ఒడ్డునుంచి ఇంటికి ఫోను చేశాము. "నువ్వు మేష్టరువి, నువ్వు చెప్పు" అని ఫోను నా చేతిలో పెట్టాడు.

"చిలిపి అన్నది ఊరండీ పిన్నిగారూ. బోర్డుంది. ఫొటో తీశాము" అన్నాను.

"ఊరా?"

"ఊరే. కొండమీద. నీళ్ళు తెచ్చి ఇంజనుకు పోసే పిల్లకు ఇచ్చిన డబ్బు అది."

ఫోను తెగిపోయిందనుకున్నాను. తరువాత, "ఆ మాట ఆయనే చెప్పొచ్చుగా నాయనా" అన్నది ఆవిడ. మీరు అడిగారా అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మళ్ళీ కొంతసేపటికి గొంతు మారింది. "బకెట్టు నీళ్ళకు అయిదు రూపాయలా? కూరకు రెండు రూపాయలు అడిగితే నాకు లెక్క చెప్పమనేవాడు!" అని కోపం తెచ్చుకున్నది. మేము ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాము.

మర్నాడు జబల్పూరు. భేడాఘాట్‌లో పాలరాతి గోడల మధ్య పడవలో వెళ్ళాము. ధువాందార్ జలపాతం చూశాము. చాలా గొప్పవి. కాని చిత్రకోట దగ్గర నిలుచున్నట్టు నిలవలేకపోయాము. పుస్తకంలో ఒకచోట అలహాబాదు ఉన్నది, ప్రయాగ దాకా వెళదామనే అనుకున్నాము కూడా. ఆ రాత్రి మా మిత్రుడు పుస్తకాలన్నీ మంచంమీద పరిచి, వెనకనుంచి ముందుకు తిప్పుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగి నన్ను లేపాడు.

"కొత్తగూడెం భోజనం ఎక్కడ మొదలైందో చూడు."

1993 చివర. అంతకు ముందు పేజీల్లో కొత్తగూడెం అన్న పేరే లేదు. బయలుదేరిన రోజు తిండి ఖర్చే లేదు.

"నాలుగు గిన్నెల క్యారేజీ కట్టేది అమ్మ. పైన గోంగూర, అడుగున పెరుగన్నం. నేనే లారీ దాకా మోసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. ఎప్పుడు మానేసిందో నాకు గుర్తే లేదు" అన్నాడు. పుస్తకాలు సర్ది సంచిలో పెట్టి, "రేపు ఇంటికి పోదాం" అన్నాడు. సితార్‌గంజ్ ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు ప్రయాణం మూడు రోజులు. వచ్చిన దారే. మూడోరోజు పన్నెండున్నరకు కొత్తగూడెం వచ్చింది. ఇద్దరికీ ఆకలిగా ఉన్నది. మేము తిన్న హోటలు ముందు జనం నిలుచున్నారు. సాంబారు వాసన కారులోకి వచ్చింది. అతను ఆపలేదు. నేను ఆపమనలేదు.

బెజవాడ చేరేసరికి మూడు దాటింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉన్నది. "తిన్నారా ఎక్కడన్నా?" అని అడిగింది. లేదన్నాము. మాట్లాడకుండా లేచి విస్తళ్ళు వేసింది. గోంగూర ఉన్నది. పండగ ముందురోజు గనుక గారెలకు పప్పు నానుతున్నది. మేము సగం తినేదాకా ఎదురుగా కూర్చుని, తరువాత మూడో పుస్తకం తెమ్మన్నది. ఆ పేజీ తీసి, పెన్ను నా ఎడమచేతిలో పెట్టింది.

"ఆ ఊరి పేరు సరిగ్గా ఎలా రాయాలో పక్కన రాసిపెట్టు నాయనా."

చెయ్యి కడుక్కుని వచ్చి, ఆయన అక్షరాల పక్కన, మార్జినులో, 'చిల్పీ' అని రాశాను. ఆవిడ పుస్తకం వెలుగులోకి పట్టుకుని రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"ఆయన రాసిందే బాగుంది" అని పుస్తకం మూసి, పెరుగు తేవడానికి లోపలికి వెళ్ళింది.